ఒడిశా సరిహద్దు తెలుగువారికి ఆరోగ్య బీమా: ఏది ఎంచుకోవాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

రాయగడలోనో గుణుపురంలోనో ఉన్న తెలుగు కుటుంబంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, స్థానిక ఆసుపత్రి చేతులెత్తేశాక చాలామంది చూపు భువనేశ్వర్ వైపు కాక విశాఖపట్నం వైపే మళ్ళుతుంది. పర్లాకిమిడి వారు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం చేరుకుంటారు. బరంపురం వారికి ఊళ్ళోనే ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నా, గుండె ఆపరేషన్ అనో క్యాన్సర్ అనో తెలియగానే విశాఖ రైలెక్కేవారు తక్కువేమీ కాదు. అంటే ఇక్కడి తెలుగువారిలో చాలామందికి ఇల్లు, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా ఒడిశాలో ఉంటాయి. పెద్ద వైద్యం మాత్రం ఆంధ్రప్రదేశ్‌లో జరుగుతుంది.

ఆరోగ్య బీమా ఎంచుకునేటప్పుడు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోకుండా, ప్రీమియం అంకెలను పక్కపక్కన పెట్టి చూసి, తక్కువగా ఉన్నదానిపై సంతకం చేసేవారే ఎక్కువ. నా దృష్టిలో చూడవలసిన వరుస వేరు. అవసరం పడినప్పుడు మీరు నిజంగా వెళ్ళే ఆసుపత్రిలో ఆ బీమా చెల్లుతుందా అన్నది మొదటి ప్రశ్న. దరఖాస్తులో మీ ఆరోగ్యం గురించి ఉన్నది ఉన్నట్టు నమోదైందా అన్నది రెండోది. ప్రీమియం మూడో స్థానంలో వస్తుంది. ఈ వరుసలోనే వివరాలు చూద్దాం.

ప్రభుత్వ కార్డు ఉన్నవారు

కొత్త పాలసీ కొనేముందు, ఇప్పటికే మీకు ఏ రక్షణ ఉందో తెలుసుకోవాలి. 2018 నుంచి బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన పేరుతో సొంత పథకం నడిపిన ఒడిశా, 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్‌లో చేరి, రాష్ట్ర పథకాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజనగా మార్చి దానితో కలిపింది. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, మహిళలకు అదనంగా మరో 5 లక్షల వరకు చికిత్స లభిస్తుంది. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఈ పథకంలో ప్రీమియం లేదు, పాత జబ్బులకు ఎదురుచూడవలసిన కాలం లేదు, కుటుంబంలో ఎంతమంది ఉన్నా పరిమితి లేదు. మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దవారికి ఇంతకంటే మేలైన నిబంధనలున్న ప్రైవేటు పాలసీ దొరకదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

సరిహద్దు వారికి ఇందులో అన్నిటికంటే విలువైనది, ఆయుష్మాన్ భారత్ కింద ఇతర రాష్ట్రాల్లో నమోదైన ఆసుపత్రులలోనూ కార్డు చెల్లడం. పాత రాష్ట్ర పథకం కాలంలో ఒడిశా బయట చికిత్స అంటే ఎంపిక చేసిన కొద్ది ఆసుపత్రులకే వెళ్ళవలసి వచ్చేది. ఇప్పుడా వెసులుబాటు పెరిగింది. అయితే ఒక ఆసుపత్రి పథకంలో నమోదైనంత మాత్రాన అందులోని అన్ని విభాగాలూ నమోదైనట్టు కాదు. ఎముకల విభాగానికి మాత్రమే నమోదై, గుండె విభాగానికి నమోదు కాని ఆసుపత్రులు ఉంటాయి. కాబట్టి రోగిని బండి ఎక్కించక ముందే ఆ ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్య మిత్రకు ఫోన్ చేసి, ఒడిశా కార్డు మీద ఫలానా చికిత్సకు అనుమతి వస్తుందా అని అడగాలి. ఆయుష్మాన్ భారత్ సహాయ కేంద్రం 14555 నంబరుకు చేసినా వివరం చెబుతారు. అత్యవసరం కాని ఆపరేషన్ల విషయంలో ఈ ఒక్క ఫోను వల్ల ఎంతో డబ్బు, అంతకు మించి తిరుగుళ్ళు తప్పుతాయి.

ఈ పథకానికి ఉన్న హద్దులు కూడా తెలిసి ఉండాలి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పరీక్షలు, రోజువారీ మందులు ఇందులో రావు. చికిత్సలకు ప్యాకేజీ ధరలు ముందే నిర్ణయమై ఉంటాయి కనుక, కొన్ని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు పథకంలో చేరనే చేరవు. మీరు నమ్మిన వైద్యుడు అలాంటి ఆసుపత్రిలో ఉంటే, కార్డు ఉన్నా చేతి చమురు వదులుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే ప్రైవేటు పాలసీ కావాలి. కార్డు వచ్చిన ప్రతి కుటుంబానికీ అది అవసరం కాదు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో పనిచేస్తూ ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాష్ట్ర బీమా) కోత పడుతున్నవారు కూడా ముందు ఆ హక్కును వాడుకోవడం నేర్చుకోవాలి, జీతంలో 0.75 శాతం కట్టించుకునే ఆ పథకంలో కుటుంబ సభ్యులకు సైతం వైద్యం ఉంటుంది.

ప్రైవేటు పాలసీల మధ్య తేడాలు

ఇక్కడి బజార్లలో సామాన్యంగా అమ్ముడయ్యే ఆరోగ్య పాలసీలు మూడు రకాలు: అన్ని సంస్థలూ ఒకే నిబంధనలతో అమ్మవలసిన ఆరోగ్య సంజీవని, ఒక్కో సంస్థ సొంతంగా రూపొందించుకున్న సమగ్ర పాలసీలు, బ్యాంకులు తమ ఖాతాదారులకు అంటగట్టే గ్రూపు పాలసీలు.

ఆరోగ్య సంజీవనిని బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేసింది. ఏ సంస్థ దగ్గర కొన్నా నిబంధనలు ఒక్కటే, ధరలు మాత్రం వేరు. అందువల్ల ప్రీమియం అంకెలను నేరుగా పోల్చి చూడటం న్యాయంగా సాధ్యమయ్యే పాలసీ ఇదొక్కటే. దీనికి మరో గుణం ఉంది: ఊరును బట్టి ధర మారకూడదన్న నిబంధన. ఇది సరిహద్దు వారికి ఎందుకు ముఖ్యమో వివరంగా చెప్పాలి. సంస్థల సొంత పాలసీలలో చాలావాటికి దేశాన్ని జోన్లుగా విభజించి, చిన్న ఊళ్ళవారికి తక్కువ ప్రీమియం, పెద్ద నగరాలవారికి ఎక్కువ ప్రీమియం పెడతారు. రాయగడ చిరునామాతో తక్కువ జోన్ ప్రీమియం కట్టినవారు, పై జోన్‌లో ఉన్న నగరంలో చికిత్స చేయించుకుంటే, బిల్లులో కొంత శాతం సొంతంగా భరించాలన్న షరతు కొన్ని పాలసీలలో ఉంటుంది. విశాఖపట్నం ఏ జోన్‌లో ఉందన్నది సంస్థను బట్టి మారుతుంది. కనుక ఏజెంటును అడగవలసిన ప్రశ్న ఇలా ఉండాలి: “మా చిరునామా రాయగడ, చికిత్స విశాఖలో జరిగితే బిల్లులో మా వాటా ఎంత?” జవాబును నోటితో కాక, పాలసీ పత్రంలో ఆ వాక్యం చూపించి చెప్పమనాలి. హైదరాబాద్ వెళ్ళే ఆలోచన ఉంటే దానికీ ఇదే ప్రశ్న వేయాలి.

ఆరోగ్య సంజీవనిలో లోపాలు లేకపోలేదు. ప్రతి క్లెయిములో 5 శాతం మీరే భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం దాటకూడదు, అది కూడా రోజుకు 5,000 రూపాయలకు మించకూడదు. ఐ.సి.యు.కు 5 శాతం, గరిష్ఠంగా రోజుకు 10,000. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ఒక్కో కంటికి 40,000 లేదా బీమా మొత్తంలో నాలుగోవంతు, ఏది తక్కువైతే అది. సమగ్ర పాలసీలలో ఈ పరిమితులు లేనివి దొరుకుతాయి, వాటి ప్రీమియమూ ఆ మేరకు ఎక్కువగానే ఉంటుంది. నలభై లోపు వయసువారు, క్రమంగా సంపాదన పెరిగే అవకాశం ఉన్నవారు, గది అద్దె పరిమితి, జోన్ షరతు రెండూ లేని సమగ్ర పాలసీకే మొగ్గు చూపడం మంచిది. ఆదాయం అంతంతమాత్రంగా ఉండి, ప్రభుత్వ కార్డు రాని చిన్న వ్యాపారులకు ఆరోగ్య సంజీవని గౌరవప్రదమైన ఎంపిక.

బ్యాంకు గ్రూపు పాలసీల ప్రీమియం చౌకగా ఉండటం నిజమే. కానీ అసలు ఒప్పందం బ్యాంకుకు, బీమా సంస్థకు మధ్య ఉంటుంది. మీ చేతికి వచ్చేది ధ్రువపత్రం మాత్రమే. ఆ ఒప్పందం ముగిసినా, మారినా మీ మాటకు విలువ ఉండదు. అదే సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే హక్కు ఉంటుంది గాని, అప్పటికి వయసు పెరిగి ప్రీమియం వేరేగా ఉంటుంది. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై 18 శాతం జీఎస్టీ తొలగిపోయింది. గ్రూపు పాలసీలకు ఆ మినహాయింపు లేదు. ధరలు పోల్చేటప్పుడు ఇది కూడా కలుపుకొని చూడాలి.

తల్లిదండ్రులను మీ కుటుంబ పాలసీలో చేర్చవద్దని నా గట్టి సలహా. కుటుంబమంతటికీ ఒకే మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీల ప్రీమియం, అందులో అందరికంటే పెద్దవారి వయసును బట్టి నిర్ణయమవుతుంది. తండ్రిగారికి అరవై ఎనిమిది ఏళ్ళుంటే, ముప్పై అయిదేళ్ళ మీకు కూడా ఆ లెక్కలోనే భారం పడుతుంది; ఆయన ఒక్క చికిత్సతో ఆ ఏటి మొత్తం ఖర్చైపోతే పిల్లలకు మిగలదు. పెద్దవారికి విడిగా తీసుకోవాలి, లేదా డెబ్బై నిండగానే వయ వందన కార్డు చేయించాలి. అరవై దాటినవారి ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఆదేశించింది. మీ ఇంటి పెద్దల నోటీసులో అంతకు మించిన పెంపు కనిపిస్తే కారణం రాతపూర్వకంగా అడగవచ్చు.

పెద్ద మొత్తం కావాలనుకునేవారికి సూపర్ టాపప్ చౌకైన మార్గం. అది టాపప్‌కు భిన్నమైనది. 5 లక్షల మూల పాలసీ ఉండి, 5 లక్షలు దాటాకే చెల్లించే షరతుతో మరో పాలసీ తీసుకున్నారనుకుందాం. ఒకే ఏడాదిలో ఒకసారి 4 లక్షలు, మరోసారి 3 లక్షలు ఖర్చైతే, మామూలు టాపప్ ఏ బిల్లుకు ఆ బిల్లును విడిగా చూస్తుంది కాబట్టి ఒక్క రూపాయీ ఇవ్వదు. సూపర్ టాపప్ ఏడాది ఖర్చంతా కలిపి చూస్తుంది కాబట్టి, మూల పాలసీ 5 లక్షలు చెల్లించాక మిగిలిన 2 లక్షలు ఇస్తుంది.

గది అద్దె లెక్క

క్లెయిము వచ్చాక జనం అన్నిటికంటే ఎక్కువగా బాధపడేది ఈ గది అద్దె విషయంలోనే కనుక, దీన్ని అంకెలతో చూడటం అవసరం. గదికి రోజుకు 5,000 పరిమితి, 5 శాతం సొంత వాటా ఉన్న పాలసీ మీకుందనుకోండి. విశాఖలో 8,000 రూపాయల గది తీసుకొని 5 రోజులున్నారు. అదనపు అద్దె రోజుకు 3,000 చొప్పున 15,000 మాత్రమే మన మీద పడుతుందని అందరూ అనుకుంటారు. వాస్తవం అది కాదు.

బిల్లులో గదికి 40,000. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చిన పరికరం కలిపి 50,000. మొత్తం 2,10,000 అయిందనుకుందాం. 8,000లో 5,000 అంటే 62.5 శాతం. గది అద్దె పరిమితి దాటితే ఇతర ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో తగ్గించే షరతు ఉన్న పాలసీలో, గది అద్దెతో పాటు సర్జన్ రుసుము, థియేటర్ ఖర్చు కూడా అదే శాతానికి కుదించుకుపోతాయి. గదికి 25,000, సర్జన్ తదితరాలకు 75,000 వస్తాయి. మందులు, పరీక్షలు, పరికరాల ఖర్చుకు ఈ కోత వర్తించదు కనుక ఆ 50,000 పూర్తిగా వస్తుంది. మొత్తం 1,50,000 అయితే, అందులో మీ 5 శాతం 7,500 పోను సంస్థ ఇచ్చేది 1,42,500. మీ జేబు నుంచి పోయేది 67,500. వైద్యానికి నేరుగా సంబంధం లేదని పాలసీ మినహాయించే కొన్ని చిల్లర వస్తువుల ఖర్చు దీనికి అదనం.

అందుచేత ఆసుపత్రిలో చేరే రోజున బీమా కౌంటర్ దగ్గర అడగవలసిన మొదటి మాట, “మా పాలసీ ప్రకారం ఏ గది వరకు అర్హత?” అన్నదే. హడావుడిలో ఇచ్చిన గది తీసుకొని, పరిమితిలోని గది ఖాళీ లేదన్న సంగతిని కాగితం మీద రాయించుకోకపోతే తర్వాత వాదించే ఆధారం ఉండదు.

ఫారంలో రాసేది, ఆసుపత్రిలో రాసేది

పాలసీ నిలబడేదీ కూలిపోయేదీ ప్రతిపాదన ఫారం, అంటే దరఖాస్తు మీదే. ఆ ఫారం ఆంగ్లంలో ఉంటుంది, ఏజెంటు పూరిస్తాడు, మనం సంతకం పెడతాం. బీపీ మాత్ర వేసుకుంటున్నామని చెబితే, “అది రాస్తే పాలసీ రాదండీ, వదిలేయండి” అని అమ్మేవారు చెప్పడం మామూలైపోయింది. ఈ నోటి మాట నీటి మూట. రేపు క్లెయిము వచ్చినప్పుడు ఏజెంటు అన్న మాటకు విలువ లేదు, మీ సంతకానికే విలువ. దరఖాస్తుదారుకు తెలిసిన భాషలో ఫారం చదివి వినిపించామన్న ధ్రువీకరణ కూడా అందులోనే ఉంటుంది. చదివి వినిపించకుండా దాని కింద సంతకం పెట్టకండి. పాలసీ ముఖ్యాంశాలను సులభ భాషలో చెప్పే వినియోగదారుల సమాచార పత్రం 2024 జనవరి నుంచి తప్పనిసరి. అది స్థానిక భాషలో కావాలని కోరవచ్చు. తెలుగులో కావాలని రాతపూర్వకంగా అడగండి.

ఈ ప్రాంతంలో వంశపారంపర్యంగా వచ్చే రక్త వ్యాధి సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు, తరచూ మలేరియా బారినపడి ఆసుపత్రిలో చేరినవారు ఉన్నారు. సికిల్ సెల్ పరీక్ష చేయించుకొని ఉంటే ఫలితాన్ని దాచకూడదు. నిజం చెబితే సంస్థ ప్రీమియం పెంచవచ్చు, గరిష్ఠంగా 36 నెలలు ఆగమనవచ్చు. ఆ తర్వాత ఆ జబ్బుకు కూడా డబ్బు వస్తుంది. దాస్తే అన్నేళ్ళు కట్టినదీ వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఎడతెగకుండా 60 నెలలు కట్టిన తర్వాత, మోసం రుజువైతే తప్ప, వివరాలు చెప్పలేదన్న కారణంతో ఆరోగ్య క్లెయిమును తిరస్కరించకూడదన్న రక్షణ 2024 నుంచి ఉంది. అంతవరకు ఎనిమిదేళ్ళుగా ఉన్న గడువును అయిదేళ్ళకు తగ్గించడం పాలసీదారులకు పెద్ద మేలు.

రెండో చోటు ఆసుపత్రి రాత. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ రోగి వివరాలు అడుగుతారు. కంగారులో ఉన్న కొడుకు, “నాన్నకు బీపీ ఎప్పటి నుంచో ఉందండీ” అంటాడు. డాక్టర్ కేసు షీటులో “బీపీ, పదేళ్ళుగా” అని రాస్తారు. అదే వాక్యం డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. పాలసీ తీసుకొని నాలుగేళ్ళే అయింది, ఫారంలో బీపీ లేదని ఉంది. నిజానికి రెండేళ్ళ క్రితమే బీపీ మొదలై ఉండవచ్చు. కానీ బీమా సంస్థ పట్టుకునేది ఆ రెండు మాటలనే. ఎవరి అబద్ధమూ లేకుండానే క్లెయిము ఆగిపోతుంది. అందువల్ల తెలిసిన తేదీనే చెప్పాలి, తెలియకపోతే తెలియదనే చెప్పాలి. మొదటిసారి మందు రాసిన చీటీని జాగ్రత్తపరచాలి. డిశ్చార్జి సమ్మరీ చేతికి రాగానే ఈ వాక్యాన్ని వెతికి చదివి, తప్పుంటే సంతకం చేసిన డాక్టర్ చేత అక్కడికక్కడే సరిచేయించుకోవాలి. ఒకసారి రాష్ట్రం దాటి ఇంటికి వచ్చాక దాన్ని మార్పించడం ఎంత కష్టమో, ఒక్క కాగితం కోసం రాయగడ నుంచి మళ్ళీ విశాఖ వెళ్ళినవారికి తెలుసు.

పేర్ల సంగతీ ఇంతే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడిశా కార్యాలయాల్లో ఇంటిపేరును చివరకు మారుస్తారు. ఉచ్చారణ తేడాతో అక్షరాలు మారతాయి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పాలసీ, ఆసుపత్రి రికార్డు ఇవన్నీ ఒక్క తీరుగా ఉన్నాయో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూసుకోవాలి.

చిన్న ఊళ్ళ నర్సింగ్ హోముల విషయంలో మరో నిబంధన గుర్తుంచుకోవాలి. చట్టప్రకారం ఆసుపత్రిగా నమోదు కాని చోట, పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళో కనీసం 10 పడకలు, ఇతర చోట్ల 15 పడకలు, రాత్రింబవళ్ళు డాక్టర్, నర్సులు, సొంత ఆపరేషన్ థియేటర్ ఉంటేనే పాలసీ దాన్ని ఆసుపత్రిగా గుర్తిస్తుంది. నాలుగు మంచాల క్లినిక్‌లో మూడు రోజులు సెలైన్ ఎక్కించుకొన్న బిల్లుకు డబ్బు రాకపోవడానికి కారణం ఇదే.

ప్రాణానికి, ప్రమాదానికి

ఈ భాగంలో పెద్దగా తర్కించవలసింది లేదు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 50 ఏళ్ళవారికి ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 18 నుంచి 70 ఏళ్ళవారికి 20 రూపాయలతో సురక్షా బీమా దొరుకుతాయి. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణించినా 2 లక్షలు ఇస్తుంది. పొలం పనులకు, కొండ దారులకు వెళ్ళేవారు సురక్షా బీమాను తప్పక తీసుకోవాలి. పాముకాటు, చెట్టు మీద నుంచి పడటం కూడా ఇందులో ప్రమాదాలే. అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళిన రికార్డు ఉండాలి. నాటువైద్యం చేయించి ఇంటి దగ్గరే ఉంచేస్తే ప్రాణానికి ముప్పుతో పాటు బీమా హక్కూ పోతుంది. పర్లాకిమిడిలో ఒక ఖాతా, పాతపట్నంలో ఒక ఖాతా ఉండి రెండింటిలోనూ ప్రీమియం కోత పడుతున్నవారు ఒకటి ఆపించుకోవాలి. ఎన్ని ఖాతాల నుంచి కట్టినా ఒక్కో పథకం కింద ఒక్క 2 లక్షలే వస్తుంది.

అంతకు మించి కావాలంటే, పొదుపు కలపకుండా మరణానికి మాత్రమే డబ్బిచ్చే టర్మ్ పాలసీయే తీసుకోవాలి. పొదుపు, బీమా కలిపిన ఎండోమెంట్ పాలసీల గురించి ఒక్క లెక్క చాలు. ఏటా 25,000 చొప్పున 20 ఏళ్ళు కట్టి, చివర సుమారు 8,68,000 చేతికొస్తే అది 5 శాతం చక్రవడ్డీ మాత్రమే. ఏజెంటు చూపే మెచ్యూరిటీ అంకెను ఈ కొలతతో చూస్తే, దాని నిజమైన రాబడి ఎంతో మీకే తెలుస్తుంది. ఆదాయపు రుజువులు పెద్దగా లేనివారికి, 5 నుంచి 25 లక్షల వరకు ఒకే నిబంధనలతో అన్ని సంస్థలూ అమ్మే సరళ్ జీవన్ బీమా ఉంది. మొదటి 45 రోజుల్లో ప్రమాద మరణానికి మాత్రమే అది చెల్లుతుంది. జీవిత పాలసీ మూడేళ్ళు నిండితే, బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఏ కారణంతోనూ దాన్ని ప్రశ్నించకూడదు.

మోసాలు

ఫోనులో తెలుగులోనో హిందీలోనో ఎంతో మర్యాదగా మాట్లాడి, “మీ ఆగిపోయిన పాలసీకి బోనస్ జమ అయింది, జీఎస్టీ కడితే విడుదల చేస్తాం” అనేవారు ఇంకా ఉన్నారు. ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఎవరికీ ఫోన్ చేసి పాలసీలు అమ్మదు, బోనస్‌లు ప్రకటించదు. రావలసిన డబ్బు తీసుకోవడానికి ముందుగా డబ్బు కట్టమన్న క్షణమే ఆ మాట ఆపేయాలి.

ఊళ్ళో తెలిసినవారి ద్వారా జరిగే మోసాలు ఇంతకంటే పట్టుకోవడం కష్టం. బ్యాంకులో పంట రుణం, బంగారు రుణం తీసుకునేటప్పుడు బీమా తప్పనిసరి అని చెప్పి సంతకం పెట్టించడం. ఫిక్స్‌డ్ డిపాజిట్ అని నమ్మించి ఏటా కట్టవలసిన పాలసీ అంటగట్టడం. నెలనెలా నగదు తీసుకొని సంస్థకు కట్టకుండా వాడుకోవడం. వీటికి విరుగుడు ఒక్కటే: ప్రీమియం ఎప్పుడూ వ్యక్తి ఖాతాకు గాని, వ్యక్తి యూపీఐకి గాని వేయకుండా సంస్థ పేరు మీదే కట్టి, రసీదు సంస్థ నుంచే తెప్పించుకోవడం. పాలసీ ఆమోదమయ్యే వరకు డబ్బు మీ ఖాతాలోనే నిలిపి ఉంచే బీమా అస్బా సదుపాయం 2025 మార్చి నుంచి వచ్చింది; దాన్ని అడిగి వాడుకోండి. మొదటి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తానన్న ఏజెంటు మాటకు లొంగకండి; బీమా చట్టం 41వ సెక్షన్ కింద ఇచ్చినవారితో పాటు పుచ్చుకున్నవారిదీ నేరమే.

పొరపాటున సంతకం చేసినా, పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చి, స్వల్ప కోతతో డబ్బు తిరిగి తీసుకునే హక్కు ఉంది. ఆ గడువు లెక్క మొదలయ్యేది పత్రం చేతికందిన రోజు నుంచి కాబట్టి, కవరు మీది తపాలా ముద్రను గాని, ఈమెయిల్ తేదీని గాని భద్రపరచాలి.

వైద్య శిబిరాల పేరుతో వచ్చి ఆయుష్మాన్ కార్డు, వేలిముద్ర అడిగేవారి విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఏ చికిత్స కోసమో చెప్పకుండా వేలిముద్ర వేయించుకుంటే, మీరు ఆసుపత్రిలో చేరకుండానే చేరినట్టు రాసి మీ కుటుంబపు మొత్తం నుంచి డబ్బు తీసుకునే వీలుంటుంది. ఆ లోటు తెలిసేది నిజంగా జబ్బు చేసిన రోజునే.

క్లెయిము తిరస్కరిస్తే

నగదు లేని చికిత్సకు అనుమతి అడిగిన గంటలోపు సంస్థ జవాబివ్వాలి, డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ ఖర్చు సంస్థే భరించాలని 2024 మే నెలలో నియంత్రణ సంస్థ నిర్దేశించింది. ఈ మాట బీమా కౌంటర్ దగ్గర మర్యాదగా గుర్తుచేస్తే చాలాసార్లు పని కదులుతుంది.

తిరస్కరణ వస్తే, పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారి 155255 నంబరు ద్వారా గాని, బీమా భరోసా పోర్టల్‌లో గాని నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోపు, బీమా ఫిర్యాదులపై తీర్పు చెప్పే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. 50 లక్షల వరకు వివాదాలను అక్కడ వింటారు. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, తీర్పు సంస్థకు తప్పనిసరి. చికిత్స విశాఖలో జరిగింది కనుక హైదరాబాద్ కార్యాలయానికి రాయాలని చాలామంది భ్రమపడతారు. పరిధిని నిర్ణయించేది ఆసుపత్రి ఉన్న చోటు కాదు. మీ నివాసం, లేదా పాలసీ ఇచ్చిన శాఖ ఉన్న చోటు. రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో నివసించేవారికి భువనేశ్వర్ కార్యాలయం వర్తిస్తుంది.

అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 2019 చట్టం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేసే హక్కు ఇచ్చింది కాబట్టి దానికోసం విశాఖ తిరగనవసరం లేదు. రెండేళ్ళ గడువు మాత్రం దాటనివ్వకూడదు. వరుసను కూడా తారుమారు చేయకండి: ముందుగా కమిషన్‌లో కేసు వేస్తే, అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు.